పిలిచింది పొరుగువాళ్లు, రాసింది గుమాస్తా

పోలండ్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఇంటిపేరు నొవాక్. ఆ పేరున్నవాళ్లు రెండు లక్షల మంది దాకా ఉంటారు. పక్కనే ఉన్న చెక్ దేశంలోనూ మొదటి స్థానం దానిదే. అర్థం ‘కొత్తవాడు’. ఎన్నో వందల ఏళ్ల కిందట ఒకడు ఎక్కడి నుంచో వచ్చి ఊళ్లో స్థిరపడ్డాడు. అతనికి పేరు లేక కాదు, యాన్ అనే ఆ పేరుతోనే ఊళ్లో ఇంకో నలుగురున్నారు. ఏ యాన్ అంటే, కొత్తగా వచ్చాడే, ఆ యాన్. కొడుకు ఆ ఊళ్లోనే పుట్టాడు, మనవడు అక్కడే ముసలివాడయ్యాడు, అయినా వాళ్లు కొత్తవాళ్లుగానే మిగిలిపోయారు.

తనను తాను ‘కొత్తవాడు’ అని ఎవరూ చెప్పుకోరు. ఆ మాట పాతవాళ్లది. ఇంటిపేర్ల అర్థాలు చెప్పే జాబితాలు కావలసినన్ని దొరుకుతాయి గానీ, ఆ పేరు ఎవరి నోట పుట్టింది, ఎప్పుడు కాగితం మీదికి ఎక్కింది అనే రెండు ప్రశ్నలు వాటిలో కనిపించవు. నిజానికి ఈ రెండూ తెలిస్తేనే అర్థానికి అర్థం.

హంగేరీలో తోత్, హొర్వాత్, నేమెత్ అనే మూడు ఇంటిపేర్లు చాలా ఎక్కువ. వీటికి వరసగా స్లోవాక్, క్రొయేషియన్, జర్మన్ అని అర్థాలు. హంగేరీ నిండా ‘జర్మన్లు’ ఎందుకున్నారంటే, జర్మనీలో ఎవరినీ ‘జర్మన్’ అని పిలవాల్సిన పని లేదు కాబట్టి. ఐర్లండ్‌లో వాల్ష్ అనే పేరు కూడా అలాంటిదే. వేల్స్ నుంచి వచ్చినవాడని ఐరిష్ వాళ్లు పెట్టిన పేరు అది. ఊరి పేర్లే ఇంటిపేర్లయిన చోటా ఇదే లెక్క. యార్క్‌లో ఉండగా ఒకణ్ని యార్క్ అని పిలిచి లాభం లేదు, ఊళ్లో అందరూ అక్కడివాళ్లే. వేరే ఊరికి వెళ్లాకే ఆ పేరు పనికొస్తుంది. అంటే ఊరి పేరున్న ఇంటిపేరు చాలాసార్లు ఆ కుటుంబం ఎక్కడుందో చెప్పదు, ఎక్కడి నుంచి వెళ్లిపోయిందో చెబుతుంది.

వృత్తి పేర్లకు వస్తే కమ్మరిని మించినవాడు లేడు. ఇంగ్లిష్‌లో స్మిత్, జర్మన్‌లో ష్మిట్, ఫ్రెంచ్‌లో లెఫెవ్ర్, ఇటాలియన్‌లో ఫెర్రారీ, పోలిష్‌లో కొవాల్‌స్కీ, హంగేరియన్‌లో కొవాచ్, రష్యన్‌లో కుజ్నెత్సోవ్, ఉక్రేనియన్‌లో కొవాలెంకో, ఐరిష్‌లో మెక్‌గోవన్, అరబిక్‌లో హద్దాద్, టర్కిష్‌లో దెమిర్జీ. అన్నిటి వెనకా ఉన్నది కొలిమి ముందు కూర్చున్న మనిషే. ఈ పేర్లు పుట్టిన కాలంలో చాలామంది సేద్యం చేసుకుని బతికినవాళ్లే. మరి ‘రైతు’ అనే ఇంటిపేరు ఇంతగా ఎందుకు కనిపించదు? ఊరంతా రైతులే అయినప్పుడు ఆ మాటతో ఒకణ్ని వేరుచేసి చూపించలేరు. కమ్మరి ఊరికి ఒకడే. ఒకడే కాబట్టే అతని వృత్తి పేరైంది, ప్రతి ఊళ్లోనూ ఒకడున్నాడు కాబట్టే ఆ పేరు లక్షలకు పెరిగింది. పాత సమాజంలో ఎవరెక్కువ ఉండేవారో ఇంటిపేర్లను లెక్కపెట్టి తేల్చాలనుకుంటే బోర్లాపడక తప్పదు.

ఇంగ్లిష్‌లో వాకర్ అనే ఇంటిపేరును ‘నడిచేవాడు’ అని అనువదించి ఊరుకుంటారు. అది సగమే నిజం. మగ్గం మీంచి దించిన ఉన్ని బట్ట అప్పటికప్పుడు తొడుక్కోవడానికి పనికిరాదు. నేత వదులుగా ఉంటుంది, ఉన్నిలోని జిడ్డు పోదు. అందుకని దాన్ని తొట్టిలో వేసి, నీళ్లు, జిడ్డు లాగే ఒక రకం బంకమట్టి, నిల్వ ఉంచిన మూత్రం పోసి, కాళ్లతో గంటల తరబడి తొక్కేవారు. తొక్కగా తొక్కగా పోగులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోయి మందంగా, గట్టిగా తయారయ్యేది. తర్వాత చెక్క చట్రాలకు కొక్కేలతో లాగి బిగించి ఆరబెట్టేవారు. కంపులో నిలబడి రోజంతా ఉన్నచోటనే నడిచే ఈ పనివాణ్ని ఇంగ్లండ్ ఉత్తరాన వాకర్ అన్నారు, నైరుతిలో టకర్ అన్నారు, ఆగ్నేయంలో ఫుల్లర్ అన్నారు. పని ఒకటే, యాసలు మూడు, ఇవాళ ఇంటిపేర్లు మూడు. నీటితో తిరిగే మరలు వచ్చాక కాళ్లతో తొక్కే పని పోయింది, పేర్లు మాత్రం పోలేదు. వెబ్‌స్టర్, బాక్‌స్టర్ అనే పేర్లలోని చివరి అక్షరాలు పాత ఇంగ్లిష్‌లో స్త్రీ ప్రత్యయం. మొదట వాటి అర్థం నేతపని చేసే ఆవిడ, రొట్టెలు కాల్చే ఆవిడ. తర్వాత మగవాళ్లకూ వాడేశారు.

ఒంటి మీది లోపాన్ని పట్టుకుని పెట్టిన పేర్లు ఇంకో రకం. స్కాట్లండ్‌లో పేరు మోసిన కాంప్‌బెల్ వంశం పేరుకు గేలిక్ భాషలో ‘వంకర నోరు’ అని అర్థం. రోమన్ వక్త సిసిరో పేరులో ఉన్నది శనగగింజ. పూర్వీకుల్లో ఒకడి ముక్కు చివర శనగగింజలాంటి నొక్కు ఉండేదట. రాజకీయాల్లోకి వస్తున్నావు, ఆ పేరు మార్చుకోమని స్నేహితులు చెబితే, దాన్నే గొప్ప పేరు చేసి చూపిస్తానని సిసిరో జవాబిచ్చాడని కథ. ఎగతాళి పేరు ఎంత మొండిగా తరాలు దాటుతుందో చెప్పడానికి ఇది చాలు.

అయితే పొరుగువాళ్లు పిలిచినంత మాత్రాన ఇంటిపేరైపోదు. నోటి పేరు గాలిలాంటిది. తండ్రి మరపట్టేవాడైతే ‘మిల్లర్’ అంటారు, కొడుకు వడ్రంగం పట్టుకుంటే పేరూ మారుతుంది. అది మారకుండా మేకు కొట్టింది దస్తావేజు. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో తలపన్ను వసూలు చేసినప్పుడు ఎవరు కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో రాసుకోవాల్సి వచ్చింది. 1538 నుంచి ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు పుస్తకంలో ఎక్కించాలన్న ఉత్తర్వు వచ్చింది. గుమాస్తాకు నిలకడ కావాలి. తండ్రి పద్దు మిల్లర్ పేరున ఉంటే కొడుకు పద్దూ మిల్లర్ పేరునే ఉండాలి, అతను ఉలి పట్టినా, ఓడెక్కినా సరే. ఇంటిపేరు అనేది ఒకానొక రోజున ఒక మనిషికి తీసిన ఫొటో అనుకుంటే, ఆ ఫొటోను తర్వాతి తరాలన్నీ గుర్తింపు కార్డు మీద అంటించుకుని తిరుగుతున్నాయి.

వేల్స్‌లో జరిగింది మరీ విచిత్రం. అక్కడ పేరు ఒక గొలుసు. ‘ఆప్’ అంటే కొడుకు. రీస్ కొడుకు హివెల్, అతని కొడుకు ఎవన్ అంటూ తాతముత్తాతల దాకా చెప్పుకునేవారు. 16వ శతాబ్దంలో వేల్స్ ఇంగ్లిష్ చట్టం కిందికి వచ్చాక కోర్టు కాగితాల్లో ఇంత పొడుగు పేర్లు ఇమడలేదు. గొలుసును ఒక కొక్కెం దగ్గర తెంపారు. ఆప్ రీస్ ప్రైస్ అయింది, ఆప్ హివెల్ పవెల్ అయింది, ఆప్ రిచర్డ్ ప్రిచర్డ్ అయింది. కొడుకు అన్న మాటలో మిగిలింది ‘ప’ ఒక్కటే. అప్పట్లో వాడుకలో ఉన్న జాన్, డేవిడ్, విలియం లాంటి క్రైస్తవ పేర్లు కొన్నే కావడంతో, ఊళ్లకు ఊళ్లు జోన్స్‌లు, డేవిస్‌లు, విలియమ్స్‌లతో నిండిపోయాయి. మనుషుల్ని వేరుచేయడానికి పుట్టిన ఇంటిపేరు ఆ పనికే పనికిరాకుండా పోయింది. దాంతో పొరుగువాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. పాలుపోసే జోన్స్‌ను ‘జోన్స్ ద మిల్క్’ అని పిలవడం వేల్స్‌లో ఈమధ్య కాలం దాకా మామూలే. గుమాస్తా గడ్డకట్టించిన పేరు పక్కన ఇంకో పేరు మొలిచిందన్నమాట.

‘ఫలానావాడి కొడుకు’ అని చెప్పే పేర్లు చాలా భాషల్లో కనిపిస్తాయి. ఇంగ్లిష్‌లో జాన్సన్, స్పానిష్‌లో ఫెర్నాండెజ్, రష్యన్‌లో ఇవానోవ్, గేలిక్‌లో ‘మెక్’ చేరిన పేర్లన్నీ, ఆర్మీనియన్‌లో ‘యాన్’తో ముగిసేవి, జార్జియన్‌లో ‘ష్విలి’, ‘జె’లతో ముగిసేవి, టర్కిష్‌లో ‘ఓలు’ చేరినవి అన్నీ ఆ కోవలోవే. ఐరిష్‌లో ‘ఓ’ మాత్రం కొడుకు కాదు, మనవడు. డెన్మార్క్‌లో ఈ తండ్రి పేర్లు తరానికోసారి మారుతుంటే రికార్డులు రాయడం తలనొప్పిగా ఉందని 1828లో రాజు వాటిని స్థిరం చేయమన్నాడు. ఆనాటి తండ్రులలో యెన్స్, నీల్స్, హాన్స్‌లే ఎక్కువ. అందుకే ఇవాళ్టి డెన్మార్క్‌లో యెన్సన్, నీల్సన్, హాన్సన్‌లు అంత మంది.

యూరప్‌లో ఐస్‌లండ్ ఒక్కటే ఆ మేకు కొట్టించుకోలేదు. అక్కడ ఇప్పటికీ తండ్రి పేరుకో, కొందరు తల్లి పేరుకో ‘సన్’ గానీ ‘దోత్తిర్’ గానీ చేర్చి పెట్టుకుంటారు. తండ్రి, తల్లి, కొడుకు, కూతురు నలుగురికీ చివరి పేరు నాలుగు రకాలుగా ఉండొచ్చు. టెలిఫోన్ డైరెక్టరీ అచ్చయిన రోజుల్లో అది సైతం మొదటి పేర్ల వరసలో ఉండేది. కొత్తగా కుటుంబ పేర్లు పెట్టుకోకూడదని 1925లో చట్టమే చేశారు. ఎన్నో దేశాలు ఇంటిపేరు తప్పనిసరి చేస్తుంటే, ఐస్‌లండ్ తప్పనిసరిగా వద్దంది.

తెలుగులో ‘ఇంటిపేరు’ అన్న మాటలోనే ఇల్లుంది. ఆ మాట అక్షరాలా నిజమయ్యే చోటు స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులోని బాస్క్ ప్రాంతం. అక్కడ పేరు ముందు ఇంటిది, తర్వాతే అందులో ఉండేవాళ్లది. ఎచెబెర్రియా అంటే ‘కొత్త ఇల్లు’. నవార్ ప్రాంతంలో ఆ మాటే అరిగి హవియెర్ అనే కోట పేరైంది. ఆ కోటలో పుట్టిన క్రైస్తవ మతప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ పుణ్యమా అని జేవియర్ అనే పేరు ప్రపంచమంతా తిరిగింది. ఇన్ని దేశాల్లో ఇంతమంది జేవియర్‌లు మోస్తున్నది ‘కొత్త ఇల్లు’ అనే రెండు బాస్క్ మాటల్ని. నార్వేలోనైతే పొలమే పేరు. ఒక పొలం వదిలి ఇంకో పొలానికి కాపురం మారిస్తే చివరి పేరూ మారేది. 1923 చట్టం వచ్చాకే అది ఆగింది.

ఇంతవరకూ చెప్పినవి మెల్లగా పేరుకున్న పేర్లు. ఉత్తర్వు మీద పుట్టిన పేర్ల తీరు వేరు.

ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్ ఏలుతున్న రోజుల్లో చాలా కుటుంబాలు ‘దె లా క్రూజ్’, ‘దె లోస్ సాంతోస్’ లాంటి భక్తి పేర్లు పెట్టుకున్నాయి. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు వేర్వేరు పేర్లు కూడా ఉండేవి. పన్ను లెక్కలు తెగేవి కావు. 1849లో గవర్నర్ జనరల్ నార్సిసో క్లావెరియా అక్షర క్రమంలో దాదాపు 60 వేల పేర్ల పట్టిక అచ్చు వేయించి, పేజీల లెక్కన రాష్ట్రాలకు, అక్కడి నుంచి ఊళ్లకు పంపించాడు. ఊరికి ఏ పేజీ వస్తే ఆ పేజీలోంచే పేరు ఎంచుకోవాలి. అల్బాయ్ రాష్ట్రంలోని ఓయాస్ పట్టణానికి ‘ఆర్’ పేజీలు దక్కాయి. ఇప్పటికీ అక్కడి పాత కుటుంబాల పేర్లు ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ఇలాంటి పేరుకు నిఘంటువులో అర్థం వెతికి కుటుంబ చరిత్ర చెప్పబోతే నవ్వులపాలే. అక్కడ చరిత్ర అంతా పేజీ నంబరులో ఉంది.

స్వీడన్ సైన్యంలో సమస్య ఇంకోటి. ఒక దళంలో పదిమంది ఆండర్సన్‌లుంటే ఆజ్ఞ ఎవరికిచ్చారో తెలియదు. అందుకని చేరినవాడికి ఒక పొట్టి పేరు తగిలించేవారు. మూదిగ్ అంటే ధైర్యవంతుడు, రాస్క్ అంటే చురుకైనవాడు, షెల్డ్ అంటే డాలు. అతను రిటైరైతే ఆ స్థానంలోకి వచ్చినవాడికి చాలాసార్లు అదే పేరు దక్కేది. అంటే పేరు ఉద్యోగంతో పాటు వచ్చేది. కొందరు దాన్ని ఇంటికీ తీసుకెళ్లారు.

టర్కీలో 1934 చట్టం ప్రతి కుటుంబమూ ఒక ఇంటిపేరు ఎంచుకోవాలంది. ముస్తఫా కెమాల్‌కు ‘తుర్కుల తండ్రి’ అనే అర్థంలో అతాతుర్క్ అనే పేరును పార్లమెంటే ఇచ్చింది, అది ఇంకెవరూ పెట్టుకోకూడదని కూడా నిర్ణయించింది. మిగతా జనం ఏం ఎంచుకున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. యిల్మాజ్ అంటే వెనుదీయనివాడు, దెమిర్ ఇనుము, చెలిక్ ఉక్కు, కాయా బండరాయి, షాహిన్ డేగ. వంకర నోళ్లు, శనగగింజలు ఎక్కడా కనిపించవు. ఎవరి పేరు వాళ్లు పెట్టుకోవాల్సి వస్తే అందరూ వీరులే. పొరుగువాళ్లను అడిగి ఉంటే ఆ జాబితా వేరేగా ఉండేది.

జపాన్‌లో సామాన్యులు ఇంటిపేరు పెట్టుకోవచ్చని 1870లో ప్రభుత్వం అనుమతిచ్చింది. జనం పెద్దగా పట్టించుకోలేదు. సైన్యానికి, పన్నులకు లెక్కలు కావాలి గనుక 1875లో తప్పనిసరి చేసింది. అక్కడి పేర్లలో వీరత్వం కన్నా నేల ఎక్కువ కనిపిస్తుంది. తనాకా అంటే వరిపొలం నడుమ, యమమొతో కొండ మొదలు, నకమురా నడిమి ఊరు, కొబయాషీ చిన్న అడవి. థాయ్‌లాండ్‌లో 1913 చట్టం తర్వాత రాజు వజ్రావుధ్ స్వయంగా 6 వేలకు పైగా పేర్లు ప్రసాదించాడు. ఒక కుటుంబం పేరు ఇంకో కుటుంబం వాడకూడదన్న నియమం ఉండటంతో కొత్త పేర్లు రానురాను పొడుగెక్కాయి. సంస్కృత, పాళీ మాటలు కుప్పపోసినట్టుండే ఆ పేర్లు రాతలో చూస్తే తెలుగువాళ్లకు సగం అర్థమవుతాయి, థాయ్ నోట వింటే అసలు పోల్చుకోలేరు.

మంగోలియాలో 1920లలో కమ్యూనిస్టు ప్రభుత్వం వంశనామాలను రద్దు చేసింది. 1990లలో మళ్లీ పెట్టుకోమన్నప్పుడు చాలామందికి తమ వంశమేదో గుర్తులేదు. సందు దొరికిందని ఎందరో చెంగిజ్ ఖాన్ వంశనామం బోర్జిగిన్‌ను తగిలించుకున్నారు. 1981లో అంతరిక్షంలోకి వెళ్లివచ్చిన గుర్రాగ్చా మాత్రం ‘సన్సార్’ అని పెట్టుకున్నాడు. ఆ మాటకు అక్కడ విశ్వం, అంతరిక్షం అని అర్థం. సొంతంగా పెట్టుకున్న పేరే అయినా, పొరుగువాళ్లు పెట్టినా అదే పెట్టేవారేమో.

ఇంటిపేర్ల మీద పుట్టుకొచ్చిన కట్టుకథలకూ లోటు లేదు. న్యూయార్క్ ఎల్లిస్ దీవిలో అధికారులు వలస వచ్చినవాళ్ల పేర్లు పలకలేక మార్చి రాసేశారని అమెరికాలో ఇంటింటా చెబుతారు. అక్కడి అధికారులు పేర్లు రాసినవాళ్లు కారు. ఓడ బయల్దేరిన రేవులోనే కంపెనీ తయారుచేసిన ప్రయాణికుల జాబితాను ముందు పెట్టుకుని సరిచూసుకున్నారంతే. ష్మిట్‌లు స్మిత్‌లైంది తర్వాత, ఉద్యోగాల కోసం, బడిలో పిల్లల్ని వెక్కిరించకుండా ఉండటం కోసం, చాలావరకు సొంత నిర్ణయంతోనే. నెపోలియన్ పాలనలో 1811లో డచ్ వాళ్లను ఇంటిపేర్లు నమోదు చేయించుకోమన్నప్పుడు, కొందరు వెటకారంగా ‘నాక్త్‌గెబోరెన్’, అంటే ‘దిగంబరంగా పుట్టినవాడు’ అని రాయించుకున్నారని ఇంకో కథ. ఆ పేరు తండ్రి చనిపోయాక పుట్టినవాడు అనే అర్థమున్న జర్మన్ మాట నుంచి వచ్చిందన్న వివరణే నమ్మదగ్గది. యూదుల్లో కాత్జ్ అనే పేరు జర్మన్ ‘పిల్లి’లా వినిపిస్తుంది గానీ, అది ‘కోహెన్ త్సెదెక్’, అంటే ధర్మ పురోహితుడు అనే హీబ్రూ మాటలకు పొడి అక్షరాలు.

పేర్ల సంఖ్యలోనూ ఒక తర్కముంది. గొప్పవాళ్ల ఇంటిపేర్లు ఎందుకు అంతరించిపోతున్నాయన్న ప్రశ్న మీద ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్, గణితజ్ఞుడు వాట్సన్ కలిసి 1874లో ఒక లెక్క వేశారు. పేరు కొడుకుల ద్వారానే సాగితే, ప్రతి తరంలోనూ కొన్ని ఇళ్లలో కొడుకులుండరు, అక్కడితో ఆ పేరు ఆగిపోతుంది. కొత్త పేర్లు పుట్టకపోతే కాలం గడిచేకొద్దీ పేర్లు తగ్గుతూ, మిగిలినవి బలుస్తాయి. రెండువేల ఏళ్లకు పైగా ఇంటిపేర్లున్న చైనాలో ఇవాళ 100 పేర్లలోనే జనాభాలో నూటికి 85 మంది ఇమిడిపోతారు. వాంగ్‌లే పది కోట్ల మంది. నూటయాభై ఏళ్ల కిందట అందరికీ పేర్లు నమోదైన జపాన్‌లో లక్షకు పైగా రకాలున్నాయి.

వియత్నాంలో మాత్రం ఈ లెక్కకు రాజకీయం తోడైంది. 13వ శతాబ్దంలో గద్దెనెక్కిన త్రన్ వంశం, తాము దించేసిన లీ వంశం వాళ్లందరినీ న్గుయెన్ అని పేరు మార్చుకోమంది. తర్వాతి కాలంలో న్గుయెన్‌లే రాజులూ అయ్యారు. ఇప్పుడు దేశంలో నూటికి నలభై మంది దాకా ఆ పేరువాళ్లే. అక్కడ ఇంటిపేరుతో పిలిస్తే వీధిలో సగం మంది వెనక్కి తిరిగి చూస్తారు. అందుకే ఇంటిపేరు ముందున్నా, పిలవడానికి చివరి పేరే వాడతారు. ఇంటిపేరు ‘వో’ అయినా, వియత్నాం సేనాని వో న్గుయెన్ జాప్‌ను ప్రపంచం జనరల్ జాప్ అన్నది అందుకే.

అసలు ఇంటిపేరే లేనివాళ్లూ కోట్లలో ఉన్నారు. ఇండోనేషియా తొలి అధ్యక్షుడు సుకర్నో, రెండో అధ్యక్షుడు సుహార్తో, ఇద్దరివీ ఒంటి పేర్లే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన బర్మా వాసి ఊ థాంట్ పేరులో ‘ఊ’ అంటే ‘గారు’ లాంటి మర్యాద మాట. పేరు థాంట్ ఒక్కటే. ఇలాంటివాళ్లకు అమెరికా వీసా వస్తే, ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి పోతుంది. రెండో గడి ఖాళీగా ఉంచడానికి లేదు కాబట్టి అందులో ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చవుతుంది. ‘మొదటి పేరు తెలియదు’ అన్న ఇంగ్లిష్ మాటలకు పొడి అక్షరాలవి. వీసా మీది నుంచి డ్రైవింగ్ లైసెన్సు మీదికి, అక్కడి నుంచి బ్యాంకు ఖాతాలోకి అది ఎక్కేస్తుంది. ఆసుపత్రి కౌంటర్లో కంప్యూటర్ చూసి ‘ఫ్నూ’ అని కేకేస్తే లేచి వెళ్లేవాళ్లు ఇప్పుడు నిజంగానే ఉన్నారు.